చారిత్రక నౌకను ముంచాలా వద్దా అన్నది ఎప్పుడు తేల్చాలి?

సంపాదకులకు,

అయ్యా,

మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లా నివతి తీరానికి ఎదురుగా, నౌకాదళ సేవ నుంచి 2024 జనవరిలో విరమించిన ఐ.ఎన్.ఎస్. గుల్దార్ నౌకను సముద్రంలో ముంచి, స్కూబా డైవింగ్ చేసేవారు నీటి అడుగున తిరిగి చూసే ప్రదర్శనశాలగా మార్చాలని ఆ రాష్ట్రం తలపెట్టింది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రానికి చెందిన ఒకలూసా కౌంటీ, అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఎస్.ఎస్. యునైటెడ్ స్టేట్స్ అనే పాత ప్రయాణికుల ఓడను 2024లో కొని అదే పనికి సిద్ధం చేయించడం మొదలుపెట్టింది. ఇలాంటి వార్తలు వచ్చినప్పుడల్లా, పర్యాటకం పెరుగుతుందని కొందరు సంబరపడతారు, దేశానికి సేవ చేసిన నౌకకు జలసమాధి ఏమిటని కొందరు బాధపడతారు. ఆ రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అయితే ముంచడం మంచిదా చెడ్డదా అనే ప్రశ్న కంటే, ఆ నిర్ణయం ఎప్పుడు, ఏ లెక్క చూసుకుని, ఎవరిని అడిగి తీసుకుంటున్నారనే ప్రశ్న ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఒడ్డున నిలబెట్టి పది తరాలకు చూపించగలిగితే అంతకు మించింది లేదు. అది సాధ్యం కానప్పుడు తుక్కు కింద కోయించడం కంటే సముద్రానికి అప్పగించడమే మేలు. కానీ మన దేశంలో ఈ రెండింటిలో ఏదీ సకాలంలో తేల్చక, చివరికి గ్యాస్ కట్టర్లకు అప్పగించడమే ఎక్కువగా జరిగింది.

సముద్రానికి ఇంత దూరంలో ఉన్న కర్నూలు వాసికి ఓడల సంగతి ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. నీటి కిందికి పోయే చరిత్రతో ఏం చేయాలన్న ప్రశ్నను మా జిల్లా ఎదుర్కొన్నంతగా తీరప్రాంత జిల్లాలు కూడా ఎదుర్కొని ఉండవు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కృష్ణా, తుంగభద్రా తీరాల్లో ఎన్నో ఊళ్లతో పాటు శతాబ్దాల నాటి ఆలయాలు ముంపు ప్రాంతంలోకి వచ్చాయి. అప్పుడు పురావస్తు శాఖవారు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విడదీసి, అంకెలు వేసి, ఆలంపురానికి తరలించి తిరిగి నిలబెట్టారు. రూపాల సంగమేశ్వరాలయం ఇదే పద్ధతిలో మా కర్నూలు పక్కనున్న జగన్నాథగట్టు మీదికి చేరింది. ఇవాళ ఆ గట్టెక్కి ఏ రోజైనా ఆ శిల్పాన్ని చేత్తో తాకి చూడవచ్చు. సప్తనదీ సంగమంలోని వేపదారు లింగమున్న సంగమేశ్వరాలయం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. జలాశయం నిండితే గుడి నీళ్లలోకి పోతుంది, వేసవిలో మట్టం తగ్గితే బయటపడుతుంది. బయటపడ్డాక గర్భగుడిలో పేరుకున్న ఒండ్రును పారలతో ఎత్తిపోసి, గోడలు కడిగి పూజలు మొదలుపెడతారు. ఆ కొద్దికాలం కోసం జనం ఏడాదంతా ఎదురుచూస్తారు.

తరలించగలిగిన ఆలయాలు తరలాయంటే, నీళ్లు రాకముందే, నేల పొడిగా ఉండగానే ఏది కదపాలో ఏది వదలాలో కూర్చుని నిర్ణయించినందువల్లనే. నీళ్లు చుట్టుముట్టాక సమావేశాలు పెట్టి ఉంటే జగన్నాథగట్టు మీద ఇవాళ ఏమీ ఉండేది కాదు. పైగా అవి రాతికట్టడాలు కాబట్టి ఏటా మునిగి తేలినా సంగమేశ్వరం నిలిచింది. ఓడ ఉక్కుది. ఉప్పునీరు ఉక్కును తినేస్తుంది. అందువల్ల ఓడ విషయంలో ఆలస్యానికి ఇంకా తక్కువ చోటుంది.

ఆలస్యం ఏం చేస్తుందో విక్రాంత్, విరాట్ చరిత్రలు చెబుతాయి. 1961లో నౌకాదళంలో చేరిన మన మొదటి విమానవాహక నౌక విక్రాంత్, 1971 యుద్ధంలో బంగాళాఖాతం నుంచి చిట్టగాంగ్, కాక్స్ బజార్‌ల మీదికి విమానాలను పంపింది. దాన్ని జలమార్గంలోనే దెబ్బతీయాలని వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ దగ్గరే సముద్రగర్భానికి చేరింది. 1997లో విరమించిన విక్రాంత్ కొంతకాలం ముంబైలో ప్రదర్శనశాలగా ఉంది. నిర్వహణకు స్థిరమైన నిధి లేక, పొట్టు (నౌక బయటి ఉక్కు ఒళ్లు) పాడై, భద్రత చాలదని 2012లో దాన్ని మూసివేశారు. 2014లో అరవై కోట్ల రూపాయలకు అమ్మేశారు, ముంబైలోనే తుక్కు చేశారు. ఆ లోహంలో కొంత మోటారు సైకిళ్ల తయారీలోకి వెళ్లింది.

విరాట్ కథ ఇంకా బాధాకరం. 1959లో బ్రిటిష్ నౌకాదళంలో హెర్మిస్ పేరుతో చేరి, 1982 ఫాక్లాండ్ యుద్ధంలో ఆ దళానికి ప్రధాన నౌకగా నిలిచి, 1987లో మనకు వచ్చి మూడు దశాబ్దాలు పనిచేసిన నౌక అది. అది విరమించబోతున్న సంగతి ఏళ్ల ముందే అందరికీ తెలుసు. దాన్ని విశాఖకు తెచ్చి హోటలుతో కూడిన ప్రదర్శనశాల చేస్తామని మన రాష్ట్రం ఆసక్తి చూపింది. సముద్రంలో ముంచి డైవింగ్ కేంద్రం చేయాలన్న ఆలోచనా అప్పట్లో వినిపించింది. 2017 మార్చి 6న నౌక విరమించే నాటికి వీటిలో ఏదీ తేలలేదు. 2018లో మహారాష్ట్ర మంత్రివర్గం 852 కోట్ల రూపాయల ప్రణాళికకు ఆమోదం తెలిపినా పని ముందుకు సాగలేదు. 2020 సెప్టెంబరులో నౌక గుజరాత్‌లోని అలంగ్ తుక్కు రేవుకు చేరింది. కాపాడాలంటూ కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 2021 ఫిబ్రవరిలో కోర్టు కోతను ఆపింది కూడా. అయితే అప్పటికే నౌకలో నలభై శాతం దాకా విడగొట్టేశారన్న సంగతి బయటపడింది, రెండు నెలల తర్వాత ఆ ప్రయత్నం ముగిసిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. మూడున్నరేళ్లపాటు ఏ నిర్ణయమూ అమలు కాకుండా రేవులో నిలబడి ఉండడమే విరాట్‌ను తుక్కు చేసింది. మొదటి ఏడాదిలోనే, ఒడ్డున నిలిపే డబ్బు ఎవరి దగ్గరా లేదని ఒప్పుకుని, శుభ్రం చేసి తగిన లోతులో దించి ఉంటే, దాని ఆకారమైనా మిగిలేది.

ధనిక దేశాల్లోనూ ఇదే జరుగుతుందనడానికి ఎస్.ఎస్. యునైటెడ్ స్టేట్స్ సాక్ష్యం. 990 అడుగుల పొడవున్న ఆ ఓడ 1952 జులైలో తన మొదటి ప్రయాణంలోనే అట్లాంటిక్‌ను మూడు రోజుల పది గంటల నలభై నిమిషాల్లో దాటి, అంతకు ముందున్న రికార్డును తుడిచిపెట్టింది. జెట్ విమానాలు వచ్చాక ప్రయాణికులు తగ్గి 1969లో ఆగిపోయింది. 1984లో లోపలి సామానంతా వేలం వేశారు. 1996 నుంచి ఫిలడెల్ఫియా రేవులో, రంగు పెచ్చులూడిపోతూ దాదాపు మూడు దశాబ్దాలు నిలబడింది. దాన్ని కాపాడాలనుకున్న అభిమానుల సంస్థ 2011లో ఓడను తన చేతిలోకి తీసుకుని ఎన్నో ప్రయత్నాలు చేసింది. రేవు అద్దె వివాదం కోర్టుకెక్కి, 2024లో ఖాళీ చేయాలని తీర్పు వచ్చాక, తుక్కు రేవా సముద్రగర్భమా అన్న రెండే దారులు మిగిలాయి. అలాంటి పరిస్థితిలో ముంచడానికి ఒప్పుకున్నవారిని నేను తప్పుపట్టను. కానీ అరవై డెబ్భై సంవత్సరాల చరిత్ర ఉన్న ఓడ భవిష్యత్తు చివరికి ఒక రేవు అద్దె గడువు మీద ఆధారపడడం మాత్రం ఎవరికీ ఆదర్శం కాకూడదు.

ఇక ముంచడమనే పని అంత తేలికైనదేమీ కాదు. ఓడలో మిగిలిన నూనె, ఇంధనం, ఆస్బెస్టాస్, సీసం కలిసిన రంగులు, విద్యుత్ కేబుళ్ల పైపొరల్లో ఉండే పీసీబీలనే విషరసాయనాలు, నీళ్లలో తేలిపోయే చెక్క, ప్లాస్టిక్ వస్తువులు అన్నీ తీసివేయాలి. తలుపులు ఊడదీసి, డైవర్లు దారి తప్పకుండా పక్కలకు వెడల్పాటి రంధ్రాలు కోయాలి. అది నిటారుగా కూర్చునేలా నీరు ఏ గదిలోకి ముందు, ఏ గదిలోకి తర్వాత చేరాలో లెక్క కట్టాలి. 2002లో ఫ్లోరిడా దగ్గర స్పీగెల్ గ్రోవ్ అనే నౌకను ముంచబోతే, అనుకున్న సమయానికి ముందే తలకిందులుగా మునిగి, ముందుభాగం నీటిపైకి తేలి నిలిచింది. దాన్ని పక్కకు పడుకోబెట్టడానికి మళ్లీ ఖర్చు పెట్టాల్సి వచ్చింది. మూడేళ్ల తర్వాత డెనిస్ తుపాను వచ్చి అదే దాన్ని నిటారుగా నిలబెట్టింది! కొరియా, వియత్నాం యుద్ధాల్లో పాల్గొన్న ఒరిస్కనీ విమానవాహక నౌకను 2006 మే 17న పెన్సకోలా తీరానికి దూరంగా ముంచారు. అది ముప్పై ఏడు నిమిషాల్లో, అనుకున్నట్టే నిటారుగా అడుగుకు చేరింది. రెండేళ్ల తర్వాత వచ్చిన గుస్తావ్ తుపానుకు ఆ భారీ నౌక కూడా ఇసుకలోకి మరో పది అడుగులు దిగిపోయింది. దాని కేబుళ్లలో కొంత పీసీబీ మిగిలిపోవడాన్ని అక్కడి పర్యావరణ సంస్థ అనుమతించినందుకు విమర్శలు కూడా వచ్చాయి. ఆస్ట్రేలియాలో అడిలెయిడ్ నౌక విషయంలో తీరవాసులు ట్రిబ్యునల్‌కు వెళ్లి, ఇంకా శుభ్రం చేయాలన్న షరతు సాధించుకున్న తర్వాతనే 2011లో దాన్ని ముంచారు. ఆ ఊరి ప్రజలు చేసింది సరైన పని అని నేను భావిస్తున్నాను.

వ్యర్థాలను సముద్రంలో పారబోయడాన్ని అరికట్టేందుకు 1972లో వచ్చిన లండన్ ఒప్పందం, పారబోసే ఉద్దేశం లేకుండా వేరే ప్రయోజనం కోసం ఒక వస్తువును సముద్రంలో ఉంచడాన్ని మినహాయించింది. చేపలకు ఆవాసం, డైవింగ్ అనే పేర్లతో అక్కరలేనిదాన్ని వదిలించుకోవడానికి ఈ సందు చాలు. ఫ్లోరిడాలోనే 1970లలో కృత్రిమ దిబ్బ పేరుతో సుమారు ఇరవై లక్షల పాత టైర్లను సముద్రంలో వేశారు. కట్లు తెగి అవి దొర్లిపోయి పక్కనున్న నిజమైన పగడపు దిబ్బలను గీరి దెబ్బతీశాయి, వాటిని తీయించడానికి దశాబ్దాలుగా డబ్బు పోస్తూనే ఉన్నారు. కాబట్టి ఓడ శుద్ధి ఎంతవరకు జరిగిందో చెప్పే నివేదికను ముంచడానికి ముందే ప్రజల ముందు పెట్టాలి.

అన్నీ సక్రమంగా జరిగినా, మునిగిన ఓడను చూసేది ఎవరు? కొత్తగా డైవింగ్ నేర్చుకున్నవారిని సాధారణంగా పద్దెనిమిది మీటర్లకు మించి పోనివ్వరు, వినోదం కోసం చేసే డైవింగ్‌కు నలభై మీటర్లే ఎల్లగా పెట్టుకున్నారు. దానికి శిక్షణ, ఆరోగ్యం, పరికరాల అద్దె, పడవ ఖర్చు అన్నీ కావాలి. శిక్షణ చాలనివారు ఓడ లోపలి గదుల్లోకి పోయి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలూ ఉన్నాయి. కొంకణ తీరంలో వానాకాలం నాలుగు నెలలు ఎలాగూ మూతే. మన ఆంధ్ర తీరం సంగతి వేరే చెప్పాలి. గోదావరి, కృష్ణా నదులు మోసుకొచ్చే ఒండ్రువల్ల ఇక్కడి నీరు అండమాన్‌లో లాగా స్వచ్ఛంగా ఉండదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపేసిందో అందరం చూశాం. 2020 అక్టోబరులో ఒక బంగ్లాదేశ్ సరుకు నౌక వాయుగుండం ధాటికి లంగరు నిలవక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు కింద రాళ్లకు చిక్కుకుంది. అలాంటి సముద్రంలో చారిత్రక నౌకను ముంచుతామని రేపు ఎవరైనా ప్రతిపాదిస్తే, ముందుగా ఏడాది పొడవునా అక్కడ నీటి స్వచ్ఛతను, ప్రవాహాలను కొలిపించి, వలలు చిక్కుకుంటాయని భయపడే మత్స్యకారుల మాట విని, ఆ తర్వాతే మాట్లాడాలి.

దీనికి ఎదురుగా విశాఖ రామకృష్ణా బీచిలోని కుర్సురా జలాంతర్గామిని చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాలగా తెరుచుకుంది. నేను సాంఘిక శాస్త్రం చెప్పిన సర్కారు బడి పిల్లలను విహారయాత్రలో అక్కడికి తీసుకువెళ్లేవాణ్ణి. గుండ్రటి ఇనుప ద్వారంలోంచి ముందు ఒక కాలు పెట్టి, నడుము వంచి, తల తగలకుండా అవతలికి దూరాలి. ఒకదానిమీద ఒకటి వేలాడే సన్నని పడకలను చూసి, మనుషులు నెలల తరబడి ఇక్కడెలా పడుకున్నారని పిల్లలు అడిగేవారు. నౌకాదళంలో పనిచేసి వచ్చిన గైడు టార్పెడో గొట్టం మూత మీద చేయి వేసి, అది ఎలా తెరుచుకుంటుందో, లోపలికి నీరు ఎప్పుడు వదులుతారో చెబుతుంటే, అప్పటిదాకా సముద్రమే చూడని ఓర్వకల్లు, పత్తికొండ వైపు పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు. వాళ్లలో ఎవరికీ స్కూబా డైవింగ్ చేసే స్తోమత లేదు. చరిత్ర బోధించే శక్తి ఉన్న నౌకను వీలున్నంతవరకు ఒడ్డున నిలబెట్టాలని నేను పట్టుబట్టడానికి ఈ పిల్లలే కారణం.

అయితే కుర్సురా నిలిచిందంటే దాని పొడవు తొంభై మీటర్లే కావడం, నీటిలో కాకుండా నేలమీద పునాది కట్టి నిలబెట్టడం, టికెట్ల ఆదాయం దాని నిర్వహణకు ఆసరాగా ఉండడం వల్లనే. నీటిలో తేలే పెద్ద నౌకకు కొన్నేళ్లకోసారి పొట్టు గీకి రంగు వేయాలి, పలుచబడిన ఉక్కు పలకలు మార్చాలి, లోపల చేరే నీటిని రోజూ తోడాలి. ఈ ఖర్చును ఏటా భరిస్తామని చట్టబద్ధంగా రాసివ్వగల సంస్థ లేనప్పుడు, ప్రారంభోత్సవం నాటి ఉత్సాహాన్ని నమ్మి రెండొందల మీటర్ల నౌకను రేవులో కట్టేయడం దాన్ని నెమ్మదిగా చంపడమే అవుతుంది. అందుకే అలాంటి నౌకల విషయంలో ముంచడానికి నేను వ్యతిరేకిని కాను. గుల్దార్ విషయంలోనూ కాను. పోలండులో కట్టిన ఆ నౌక తీరానికి ఆనుకుని ముందుభాగం తెరిచి టాంకులను, సైనికులను దింపే రకానికి చెందినది. ఆ పనిలో దాని జతనౌకలు మరికొన్ని ఉండేవి. విక్రాంత్ లాగా ఒక యుద్ధగతికి అదొక్కటే గుర్తు కాదు. శుద్ధి సరిగా జరిగితే దానిమీద చేపలు, నాచు, పగడాలు చేరి, పక్కనున్న పల్లెలకు డైవింగ్ వల్ల ఉపాధి కలిగితే అది మంచి ముగింపే. గుల్దార్‌కు సరిపోయిన నిర్ణయాన్ని రేపు విరమించే ప్రతి నౌకకూ అచ్చుగుద్దడం మాత్రం కూడదు. యుద్ధంలో మనుషులతో సహా మునిగిన ఘాజీ వంటి ఓడలు సమాధులు. వాటిని ఈ పర్యాటకపు చర్చలోకి తేనే కూడదు.

నౌకాదళం ఒక ముఖ్యమైన నౌక విరమణ తేదీని ప్రకటించే నాటికే, కనీసం రెండేళ్ల ముందుగా, దాని తర్వాతి గతి ఏమిటో రక్షణ శాఖ, తీర రాష్ట్రాలు, పురావస్తు శాఖ కలిసి బహిరంగంగా తేల్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నిలబెడతామనే రాష్ట్రం ఏటి ఖర్చుకు నిధిని ముందుగా జమచేసి చూపించాలి. అలా ఎవరూ ముందుకు రాకపోతే, పొట్టు గట్టిగా ఉండగానే ముంచే పని మొదలుపెట్టాలి తప్ప, రేవులో తుప్పు పట్టించకూడదు. ముంచే ముందు ప్రతి గదినీ ఫోటోలతో, కొలతలతో, లేజర్ స్కానింగుతో నమోదు చేయాలి. ఆ నౌకలో పనిచేసినవారు బతికి ఉండగానే వారిచేత ఏ గదిలో ఏం జరిగేదో చెప్పించి రికార్డు చేయాలి. ఇంజను గదిలో కొలిమి వేడిమిలో పనిచేసిన మనిషి చెప్పేది ఏ నక్షాలోనూ ఉండదు.

ఆపైన, ఒడ్డుకు తీసుకురాగలిగినవాటిని నీళ్లపాలు చేయకూడదు. ఎస్.ఎస్. యునైటెడ్ స్టేట్స్‌ను నడిపిన, నీటిని కోసే ఆ పెద్ద ప్రొపెల్లర్లను ఎప్పుడో ఊడదీసి మ్యూజియాల్లో, నౌకా విద్యాసంస్థల్లో పెట్టారు. దాని పొగగొట్టాలను సైతం నేలమీద ప్రదర్శనకు ఉంచాలని అనుకుంటున్నారు. మన నౌకల లంగర్లు, గంటలు, చుక్కాని చక్రాలు, సిబ్బంది పేర్ల పలకలు, దిక్సూచులు ఢిల్లీ, ముంబై, విశాఖలకే ఎందుకు పరిమితం కావాలి? రాయలసీమ నుంచి నౌకాదళంలో చేరి జీవితమంతా సముద్రం మీద గడిపి వచ్చినవారు మా నాలుగు వైపులా ఉన్నారు. వాళ్ల ఊళ్ల పిల్లలకు వాళ్లు చేసిన పనికి ఆనవాలు ఒక్కటీ కనిపించదు. శ్రీశైలం ముంపు ప్రాంతం నుంచి తెచ్చిన శిల్పాలకు నీడనిచ్చిన మా కర్నూలు పురావస్తు ప్రదర్శనశాలలో ఒక నౌక లంగరుకు చోటు దొరకకపోదు. తూర్పు నౌకాదళం నుంచి ఈసారి ఏ నౌక విరమించినా, అది ఒడ్డుకు వచ్చినా, సముద్రగర్భానికి చేరినా, దాని వస్తువుల పంపకం జాబితాలో కర్నూలు, కడప, అనంతపురం మ్యూజియాలను చేర్చమని రాష్ట్ర పర్యాటక శాఖ, పురావస్తు శాఖ ఇప్పుడే నౌకాదళానికి లేఖ రాయాలని విన్నవిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
కర్నూలు.